నూనెడబ్బా నంబరు

నూనెడబ్బా మళ్ళీ ఫోన్ నంబరు పెట్టాడు.

టైలరమ్మకు ఒళ్ళు మండింది. కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని ఆ పోస్టు పీకి పారేసింది.

"ఎన్నోసారి అక్కా?" అంది చెల్లెలు, డబ్బాలోంచి బొత్తాలు ఏరుతూ.

"పద్దెనిమిదోసారి. మనిషా, మొండిగోడా?"

పాత కుట్టుమిషన్లంటే పడిచచ్చేవాళ్ళ ఫోరం అది. ఒకరు ఫొటో పెట్టి గోడు చెప్పుకుంటారు, పదిమంది సలహాలిస్తారు. అందులో అందరివీ నూనెడబ్బాలాంటి మారుపేర్లే, ఎవరి అసలు పేరూ ఎవరికీ తెలియదు. దానికి కాపలా టైలరమ్మ. నలభై ఏళ్ళు కుట్టి, కొట్టు మూసేశాక దొరికిన పెత్తనం.

అక్కడ వ్యాపారం చేయకూడదు. ఒకప్పుడు ఎవడో తియ్యటి మాటలతో చొరబడి, మిషన్లో కింది దారం అందించే షటిళ్ళు పగిలినవి అమ్మేసి మాయమయ్యాడు. నమ్మినవాళ్ళంతా టైలరమ్మ ముందు గొల్లుమన్నారు. ఆనాటి నుంచి నంబరు కనబడితే చాలు, పైన ఏం రాశారో కూడా చదవదు.

"నంబరు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? చెవులు లేవా నాయనా నీకు?" అని రాసింది.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఇంతకీ ఏం అమ్ముతాడక్కా?"

"ఏదో ఒకటి. ఊరికే నంబరిచ్చేవాడు ఎవడే ఈ రోజుల్లో?"

మర్నాడు పంతొమ్మిదోసారి నంబరు వచ్చింది. ఈసారి టైలరమ్మ ఏకంగా మనిషినే బయటికి పంపేసింది.

ఆ కోపంలో సగం మిషను మీది కోపం.

అది వాళ్ళమ్మ మిషను. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి చొక్కా దాని మీదే కుట్టారు. ఇప్పుడు మనవరాలికి నెలలు నిండుతున్నాయి. మిషనేమో అలిగి కూర్చుంది. నాలుగు కుట్లు పడగానే చక్రం వెనక్కి గుంజుతుంది, దారం పుటుక్కున తెగుతుంది.

నూనెడబ్బాని పంపేయక ముందే టైలరమ్మ సూదివీ షటిల్‌వీ ముప్పై ఫొటోలు ఫోరంలో పెట్టింది. "రెండుసార్లు టక్‌మంటుంది, మూడోసారి టటక్‌మంటుంది" అని కూడా రాసింది.

సూది మార్చమన్నారు. షటిల్ మార్చమన్నారు. అన్నీ మార్చింది.

"ఇక మార్చాల్సింది నన్నొక్కదాన్నే" అంది.

"కొన్న చొక్కా వేద్దాంలే అక్కా."

"నీకు వేశారుటే కొన్న చొక్కా? నాకు వేశారా?"

చెల్లెలు మళ్ళీ బొత్తాల్లో పడింది.

నెల గడిచింది. తీసేసిన పోస్టులన్నీ ఒక మూల పడుంటాయి, కాపలావాళ్ళకు తప్ప కనబడవు. అందులో ఏదైనా పాత సలహా దొరుకుతుందేమోనని టైలరమ్మ వెతికింది. నూనెడబ్బావి పంతొమ్మిదీ వరసగా కనబడ్డాయి. మొట్టమొదటిసారి చదివింది.

"ఫోన్ చేసి, మిషను తొక్కండి. నేను వింటాను. నాకేమీ ఇవ్వక్కర్లేదు."

పద్దెనిమిదింటిలోనూ అవే మాటలు. చివరిది మాత్రం వేరు.

"టటక్ మిషను అమ్మగారూ, ఒక్కసారి ఫోన్ చేయండి."

"ఓసి నా మొహం మండా!" అంది టైలరమ్మ. వెంటనే నంబరు నొక్కింది.

ఒక అమ్మాయి పలికింది.

"నూనెడబ్బా గారు ఉన్నారా తల్లీ?"



"నాన్న పోయి ఇరవై రోజులైందండీ... మీరు టటక్ మిషను అమ్మగారా?"

"అవునమ్మా."

"చేస్తారనే ఎదురుచూశారండీ. ఆ చప్పుడు తొడ మీద తాళం వేసుకుంటూ, వేసుకుంటూ, చివరికి తేల్చేశారు. పైనంతా వదిలేసి కింద చూడమన్నారు. పెడలునీ చక్రాన్నీ కలిపే కడ్డీ ఉంటుందట కదా, దాని కింది మర వదులైందట. రెండు చుట్లు బిగించమన్నారు. మూడో చుట్టు వద్దన్నారు."

టైలరమ్మ ఫోన్ బల్ల మీద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని కిందికి వంగింది. ముప్పై ఫొటోల్లో ఒక్కటైనా పెడలుది కాదు! రెండు చుట్లు బిగించింది. మూడోది తిప్పబోయి ఆగింది.

కూర్చుని తొక్కింది.

మిషను గలగలా నడిచింది. చెల్లెలు బొత్తాలు వదిలేసి పరుగున వచ్చింది. దారం తెగలేదు.

"బాగా నడుస్తోందండీ" అంది అమ్మాయి ఫోన్లో. ఏడుస్తోందో, నవ్వుతోందో.

"నేను ఆయన్ని వెళ్ళగొట్టాను తల్లీ. చెవులు లేవా అని కూడా రాశాను. ఆ నంబరు మానేసి, ఫొటోలు చూసి రెండు ముక్కలు రాసుంటే ఈ పాపం నాకు చుట్టుకునేది కాదు కదమ్మా?"

"ఎలా చూస్తారండీ, నేను పుట్టకముందే నాన్నకు చూపు పోయింది, మీ అందరి రాతలూ రోజూ నేనే చదివి వినిపించేదాన్ని, మీ తిట్లు తప్ప."