పాల పరీక్ష

"ఇంతేనా?" అంది అత్త, పాలు లాగే పంపు సీసాని వెలుతురుకి ఎత్తి చూస్తూ.

సీసా అడుగున పసుపుపచ్చగా కాసిని చుక్కలు. బాలింత తల దించుకుంది. జాకెట్టు హుక్కులు గబగబా పెట్టుకోబోతే ఒక్కటీ పడలేదు. గుమ్మంలో మొగుడు నిలబడి ఉన్నాడు. పక్క మంచం వాళ్ళ చుట్టాలు కూడా మెడలు సాచి చూస్తున్నారు. ఆమె ఒంట్లో ఏముందో, ఏం లేదో వార్డంతా చెప్పుకునే కబురైపోయింది.

"ఇంతే ఆంటీ. పంపు అబద్ధం చెప్పదు," అంది తెల్లకోటు మనిషి.

పిల్ల పుట్టిన మర్నాడే సీసా నిండా పాలొస్తాయా? రావు. బిడ్డ నోరు లాగినట్టు పంపు లాగుతుందా? లాగదు. ఆ సంగతి తెల్లకోటుకి బాగా తెలుసు. ఆవిడ డాక్టరు కాదు, నర్సూ కాదు. డబ్బాపాల కంపెనీ మనిషి. కానీ కోటు తెల్లగా ఉంటే చాలు, మనవాళ్ళు నోరు మూసుకుని తలాడిస్తారు.

"మా ఇంటా వంటా ఇలాంటిది లేదు డాక్టరమ్మా," అత్త నిట్టూర్చింది. "ఈ మహాతల్లికే ఎండిపోయాయి."

"ఇంకోసారి పట్టి చూస్తాను అత్తయ్యా," బాలింత గొణిగింది.

"పొద్దుట్నుంచీ పడుతూనే ఉన్నావుగా! అది చీకడం, ఏడవడం. నీ పంతం కోసం పసిదాన్ని మాడుస్తావా? సిగ్గుండాలి!"

ఉంది. సిగ్గు తప్ప ఇంకేం మిగల్లేదు ఆమె దగ్గర.

"నీ తప్పేం లేదమ్మా, కొందరి ఒళ్ళు అంతే," తెల్లకోటు మెత్తగా అంది. అత్త తిట్టు కన్నా ఆ మెత్తదనమే లోతుగా దిగింది. తన సంచీలోంచి పాలడబ్బా తీసింది. "వేడినీళ్ళు తెప్పించండి ఆంటీ, నేనే కలిపిస్తాను."

"గుడ్లప్పగించి చూస్తావేంట్రా, పట్రా!" అంది అత్త కొడుకుతో. అతను ఫ్లాస్కు పట్టుకుని పరిగెత్తాడు.

అప్పుడే తొట్టిలో పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. వార్డు దద్దరిల్లింది.

"ఇలా ఇవ్వండి డాక్టరమ్మా, మూత తీస్తాను," అత్త చెయ్యి చాపింది.

తెల్లకోటు ఇవ్వలేదు. డబ్బాని రెండు చేతులా గుండెలకి హత్తుకుని గోడ వైపు తిరిగిపోయింది. చెవుల దాకా ఎర్రబడింది.

"ఇవ్వండమ్మా! పిల్ల గుక్క తిప్పుకోలేకపోతోంటే!"

"ఒక్క నిమిషం ఆంటీ... ముందు పిల్లని ఊరుకోబెట్టండి. ఆ ఏడుపు... ఎలాగైనా ఆపండి."

"పాలు పడితేనేగా ఆపేది!" అత్త డబ్బా లాక్కుంది.

కోటు మీద, గుండెల దగ్గర, రెండు గుండ్రటి తడి మరకలు. చూస్తుండగానే పెద్దవవుతున్నాయి. ఆవిడ చేతులు అడ్డం పెట్టుకుని, నేలచూపులు చూస్తూ నిలబడిపోయింది.

బాలింత ఆ మరకల్ని చూసింది. ఆ దించుకున్న తలనీ చూసింది. ఇంకెవర్నీ ఏమీ అడగలేదు. తొట్టిలోంచి పిల్లని తీసుకుని, అందరూ చూస్తుండగానే రొమ్ముకి చేర్చుకుంది. ఏడుపు ఆగింది.

"అయ్యయ్యో, డబ్బా కారి కోటంతా పాడైంది!" అత్త డబ్బాని అటూ ఇటూ తిరగేసింది. "మూత సరిగ్గా బిగించలేదా డాక్టరమ్మా?"

"డబ్బాలో ఉన్నది పొడి, అత్తయ్యా," అంది బాలింత. "అవి ఆవిడ బిడ్డ పాలు."