నడుం బెల్టు

"చస్తే పెట్టను సంతకం," అన్నాడు అన్నయ్య, ఆపరేషన్ కాగితాన్ని బల్ల మీద అవతలికి తోస్తూ.

ఆస్పత్రి గదిలో వాళ్లిద్దరే ఉన్నారు. ఇంట్లోవాళ్లు ఒకరు సంతకం చేస్తేగాని రేపు చెల్లెలికి బరువు తగ్గే ఆపరేషన్ చెయ్యరు. ఉన్నది ఈయన ఒక్కడే. నలభై అయిదేళ్లొచ్చాక పొట్ట కోయించుకుని లోపలి సంచిని చిన్నది చేయించుకుంటానంటే ఏ అన్నకి మాత్రం ఒళ్లు మండదు? పైగా సుగరు లేదు, బీపీ లేదు. మనిషి గుండ్రాయిలా ఉంది.

"ఎవరి మెప్పు కోసమే ఈ సోకు?"

ఈ వయసులో పెళ్లి మీదకి గాలి మళ్లిందా అని ఎత్తిపొడిచాడు. లేదంది. ఆవిడ టైలరు. పొద్దస్తమానం పరాయివాళ్ల నడుములు కొలిచే మనిషి. కొలతలకొచ్చిన ఆడవాళ్లెవరైనా నోరు జారితే చెప్పు, వెళ్లి కడిగేస్తానన్నాడు. వాళ్లేమీ అనలేదంది. నోరు కట్టుకోవడం చాతకాక కత్తికి ఎదురెళ్తున్నావని తిట్టిపోశాడు. ఆవిడ కాగితాన్ని మళ్లీ అతని ముందుకి జరిపింది. అరికాలి మంట నెత్తికెక్కింది అతనికి.

విసురుగా లేవబోయి, నడుం పట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. చొక్కా కింద బిగించిన బెల్టు సవరించుకున్నాడు. మూడేళ్ల క్రితం అమ్మ పోయినప్పుడు, లిఫ్టు లేని వాళ్ల ఇంటి మూడో అంతస్తు నుంచి శవాన్ని దించిన రోజున పట్టేసిన నడుం అది. అమ్మదీ భారీ ఒళ్లే. అన్నాచెల్లెళ్లు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నారు.

"ఆపరేషన్ బల్ల మీదే నీకేమన్నా అయితే నాకెవరే దిక్కు?" అన్నాడు. "ఒక్క కారణం చెప్పు. నిజమైంది చెప్పు. చేసేస్తాను."

చెల్లెలు ఆ బెల్టు వంకే చూస్తూ, పెన్ను మూత తీసి అతని చేతిలో పెట్టింది.

"అమ్మని మోస్తూ రెండో అంతస్తు మలుపులో ఆగారు చూడు, అప్పుడు నువ్వు, 'రేపు మా చెల్లెల్ని దించాలంటే క్రేను పిలవాల్సిందేరా' అన్నావు," అంది. "నేను పై మెట్టు మీదే ఉన్నాను అన్నయ్యా, మీ నలుగురి నవ్వూ విన్నాను."