ముందు బ్రేకు

గోదారి పొంగి భద్రాచలం వంతెన మీద బండ్లు ఆపేసిన పెద్ద వరద వచ్చి అప్పటికి రెండేళ్లు.

వానలు ఇంకా మొదలుకాలేదు. ఒక ముసలాయన పాత నల్ల మోటారుసైకిలు నెట్టుకుంటూ వచ్చి, ఘాటు రోడ్డు ఎగువన కోటేష్ మెకానిక్ షాపు ముందు ఆగాడు.

"స్టార్ట్ అయితలేదా తాతా?"

"అయితది. నాకే నడపరాదు."

గోనెసంచి విప్పి కింద పెట్టాడు. డిస్కు చక్రం, దానికి సరిపడే ఫోర్కు, లివరు, గొట్టం, బ్రేకు ఆయిలు డబ్బా. ఖమ్మంలో పాత సామాను దుకాణాలన్నీ తిరిగి ఏరుకొచ్చినవి.

"ముందల డిస్కు బ్రేకు ఎక్కియ్యాలె."

కోటేష్ పగలబడి నవ్వాడు.

"గీ బోసినోటి బండికి ఇప్పుడు పండ్లు కట్టిస్తవా? ముందు బ్రేకు గట్టిగ పడితే బోల్తా కొడతది తాతా. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న."

ఆ చుట్టుపక్కల అందరి నమ్మకమూ అదే. కొత్త బండికి కొబ్బరికాయ కొట్టగానే ముందు బ్రేకు వదులు చేయించుకునేవారు. అడగనివాళ్లకు కోటేషే వదులు చేసి పంపేవాడు.

"ఎవరు నడుపుతరు?"

"కోడలు. రేపటి సంది నర్సు కొలువు. దినాం ఘాటు దిగాలె. నడుమ వాగు."

"కొడుకు దింపడా?"

ముసలాయన సంచి మడత పెట్టుకున్నాడు.

"సరే. కోడలి పాణం సంగతి నువ్వే చూస్కో. రేపు నన్ననొద్దు."

సణుక్కుంటూనే పాత చక్రం విప్పాడు. మధ్యాహ్నం దాటేసరికి డిస్కు ఎక్కింది. లివరు నొక్కి చూసి చేతులు తుడుచుకున్నాడు.

"కొంచెం మెత్తగ ఉంచిన. గట్లైతే బోల్తా పడదు."

"బ్రేకు గొట్టంల గాలి మొత్తం తియ్యి."

"ఏందే! మెకానిక్ నువ్వా, నేనా?"

"నువ్వే బిడ్డా. అందుకే చెప్తున్న. మొత్తం తియ్యి."

కోటేష్ పళ్లు కొరుకుతూ, ఆయిల్లో బుడగ కనబడకుండా పోయేదాకా తీశాడు. లివరు రాయిలా బిగిసింది.

"ఇగ ఘాటు దిగు. వెనక బ్రేకు ముట్టకు."

కోటేష్‌కు ధైర్యం చాలలేదు. ఇరవై ఏళ్లలో ముందు బ్రేకు నిండుగా నొక్కింది లేదు. ముసలాయన ముందు కాదనడానికీ మనసొప్పక బండెక్కాడు.

రెండో మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా బర్రెలు. నాలుగు వేళ్లూ మెల్లగా బిగించాడు. బండి ముక్కు వంచింది. గీత గీసినట్టు నిలబడింది.

తిరిగొచ్చి బండి దిగి, లివరు మళ్లీ ఒకసారి నొక్కి చూశాడు.

"పడ్డవా?"

"పడలే."

ముసలాయన తల ఊపి, బండి నెట్టుకుంటూ వెళ్లిపోయాడు.

పొద్దు వాలాక కళావతి సంత నుంచి వచ్చి, పక్కనున్న తన టీ కొట్టు తెరిచింది.

"కోటేషన్నా, పగిడయ్య బండి నెట్టుకుంట పోతుండేంది? ఏం చేసినవ్?"

"ఏ పగిడయ్య?"

"గట్లంటవేందే! పోయిన వానకాలం మూడో మలుపు కాడ లారీ కిందికి పోయిండు గదా సమ్మయ్య. వాళ్ల నాయన."

కోటేష్ చేతిలో పానా కింద పెట్టాడు.

సమ్మయ్య గుర్తొచ్చాడు. చనిపోయే ముందు నెలలో వచ్చి, "అన్నా, వాగు దాటితే తడిసి వెనక బ్రేకు పడతలేదు, ముందుది బిగియ్యి" అన్నాడు. "మూతిపండ్లు రాలుతయ్‌రా" అని ఎగతాళి చేసి, ఉన్నది కూడా వదులు చేసి పంపింది తనే. అలాంటి నల్లబండ్లు రోజుకు పది వస్తాయి. ఇవాళ విప్పింది అదే బండని తట్టనైనా లేదు.

తను వదులు చేసిన బండ్లు ఎన్ని ఊళ్లలో తిరుగుతున్నాయో. ఏ మలుపులో ఎవరున్నారో.

తెల్లారి కోటేష్ షాపు తెరవలేదు. పగిడయ్య గూడేనికి నడిచి వెళ్లాడు. కోడలు అప్పటికే ఘాటు దిగిపోయింది. పగిడయ్య వాకిట్లో ఇప్పగింజలు ఆరబోస్తున్నాడు.

"పెద్దయ్యా... సమ్మయ్య బ్రేకు వదులు చేసింది నేనే."

పగిడయ్య గింజలు సమంగా పరుస్తూనే ఉన్నాడు.

"ఎరికే. దవాఖానాల వాడే చెప్పి పోయిండు."

"మరి నా కాడికే ఎందుకు తెచ్చినవ్?"

"కోడలి బండికి బ్రేకు ఎవరైనా ఎక్కిస్తరు బిడ్డా. ఈ ఘాటు దిగే పిల్లలంతా నీ కాడికే గదా వచ్చేది."