కూకట్‌పల్లి ప్రభాకర్

"ఏ ఊరు బిడ్డా మీది?"

రొట్టెలు కాల్చే ముసలాయన అడిగాడు.

"హైదరాబాద్," అన్నాడు ప్రభాకర్, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

"అసలు ఊరు?"

"అసలుదే చాచా. కూకట్‌పల్లి."

ముసలాయన పళ్ళెంలో ఇంకో రొట్టె వేసి వెళ్ళిపోయాడు.

సౌదీలో, ఖమీస్ ముషైత్ పట్నం శివారులో, కట్టడం పనివాళ్ళ క్యాంపు అది. ముసలాయన వంటగదిలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. ఇకామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి కార్డు, లేని మనిషి, ఏళ్ళ తరబడి దాక్కుని బతుకుతున్నాడని చెప్పుకునేవారు. పేరు ఎవరూ అడగలేదు. అందరికీ చాచాయే. తెలుగువాడు కనబడితే చాలు, ఏ ఊరని ఆరా తీసేవాడు.

నిజానికి హైదరాబాదులో ప్రభాకర్ చూసినవి రెండే, ఏజెంటు ఆఫీసూ విమానాశ్రయమూ. అతనిది నిర్మల్ అవతల మేడిచెల్మ అనే పల్లె. బస్సు కూడా ఊళ్ళోకి రాదు. వచ్చిన కొత్తలో స్టోరు మేనేజరు "హైదరాబాదా?" అంటే ఊరికే తల ఊపాడు. పట్నంవాడికి లెక్కలు వస్తాయనుకున్నాడేమో, ఆ ఊపుకి ఎండలో పని తప్పి స్టోరులో కుర్చీ దొరికింది. అచ్చొచ్చిన అబద్ధాన్ని ఎవరు వదులుకుంటారు?

ఒక్కటే చిక్కు. ప్రతి శుక్రవారం ఇంటినుంచి నాన్న ఫోను.

"బుచ్చన్న జాడ దొర్కిందా బిడ్డా?"

"లేదు బాపూ."

"అడుగుతున్నవా మరి?"

"అడుగుతున్న."

అడగడం లేదు.

నాన్న కూడా ఒకప్పుడు ఈ దేశంలోనే కష్టపడ్డాడు. కాగితాలు పోయి, జబ్బు ముదిరి, తోటివాడు బుచ్చన్నతో కలిసి ఓ షెడ్డులో తలదాచుకున్నాడు. దయగలవాళ్ళెవరో ఒక్కరికి టికెట్టు ఇప్పించారు. అది బుచ్చన్నకు వచ్చిన టికెట్టు. "నువ్వు పో, నేనెనుకొస్త," అని అతను నాన్నను పంపి ఉండిపోయాడు. నాన్న బతికాడు. బుచ్చన్న రాలేదు. ఊరేదని నాన్న అప్పట్లో అడిగితే జగిత్యాల అన్నాడట. అంత పట్నంలో ఏ బుచ్చన్నని వెతుకుతారు? అసలు ఊరు అడగనందుకు నాన్న ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటాడు.

బుచ్చన్న గురించి అడగాలంటే ప్రభాకర్ ముందు తన ఊరు చెప్పాలి. మేడిచెల్మ రాజన్న కొడుకుననాలి. అలా అంటే ఇన్నాళ్ళ కూకట్‌పల్లి ఒక్క పూటలో కూలిపోతుంది. అందుకే నోరు మెదపలేదు.

ఓ శుక్రవారం భోజనాల దగ్గర తోటి పనివాడు స్వామి ఫోను చూస్తూ అన్నాడు. "తెలంగాణ పట్నమా, పల్లెనా అని ఎవలో అడుగుతున్నరు ఫోన్ల."

"ఇంకా పల్లెలేడున్నయి? అంతా పట్నమే," అన్నాడు ప్రభాకర్. "ఎటు జూసినా వెంచర్లే."

"మరి ఈడ ఉండే మీ తెలంగాణోళ్ళంతా పల్లెలోళ్ళేనే," అన్నాడు డ్రైవరు మస్తాన్ వలీ. ఆయనది కర్నూలు. "పట్నమోడివి నువ్వొక్కనివే."

అందరూ నవ్వారు.

"మా ఊరు రెండూ గాదు," అన్నాడు స్వామి. "మున్సిపాలిటీల కలిపిన్రు. పన్ను పట్నందే, ఉపాధి పని పోయింది. బర్లు మాత్రం ఇంకా రోడ్డు మీదనే పంటయి."

రొట్టెలు తెచ్చిన ముసలాయన ఆగి విన్నాడు.

"పట్నమైతె మంచిదే బిడ్డా. గని పట్నంల మనిషిని దేవులాడుడెట్ల? పల్లెల పేరు జెప్తె ఇల్లు చూపెడ్తరు."

"ఫోన్లున్నయి గద చాచా," అన్నాడు ప్రభాకర్.

ముసలాయన అతని ముఖం వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"నిన్ను ఎక్కన్నో జూసినట్టున్నది. మీ నాయిన ఏడుంటడు?"

"చెప్పిన గద, హైదరాబాద్ల." ప్రభాకర్ గొంతు పెరిగింది. "రొట్టెలు మాడుతున్నయి, పో."

ముసలాయన చిన్నబోయి లోపలికి వెళ్ళాడు.

ఆ వారమే క్యాంపులో ఇకామా తనిఖీలు మొదలయ్యాయి. ముసలాయన బట్టలు మూట కట్టుకుని, కూరగాయలు తెచ్చే బండి ఎక్కి వెళ్ళిపోయాడు. ఎటు పోయాడో చెప్పినవాడు లేడు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. ఆ రోజు బజారు రొట్టెలే వడ్డించారు.

"పాపం ముసలాయన," అన్నాడు మస్తాన్ వలీ. "పోతాపోతా గూడా అదే అడిగినాడు."

"ఏమని?" అడిగాడు స్వామి.

"ఏదో పల్లె. ఆ ఊరోడు ఒకడన్నా కనపడతాడేమోనని క్యాంపు క్యాంపూ తిరిగినాడంట. మా ప్రభాకర్‌ని అడుగుదువు రామంటే, వద్దులే, పట్నం పిల్లోడు, పల్లెలు ఆయనకేం తెలుస్తాయి అన్నాడు."

"ఎందుకట ఆ ఊరు?"

"ఆ ఊరాయన ఒకాయన జబ్బుతో ఇంటికి పోయినాడంట. ప్రాణంతో చేరినాడో లేదో తెలిస్తే చాలంట. ఇంకేమీ వద్దంట."

ప్రభాకర్ చేతిలోని రొట్టెముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

"ఊరి పేరేంది అన్నా?"

"మేడి... మేడిచెల్మ. ఉందా అట్లాంటి ఊరు?"

అంతలో ప్రభాకర్ ఫోను మోగింది.

"బుచ్చన్న జాడ దొర్కిందా బిడ్డా?"

రోజూ తన పళ్ళెంలో ఒక రొట్టె ఎక్కువ వేసి, ఊరు అడిగి అడిగి వెళ్ళిపోయినవాడే బుచ్చన్న అని ప్రభాకర్ ఇప్పుడు నాన్నకు చెప్పాలి.