ఉప్పు గిడ్డంగి దగ్గర షూటింగ్

పరుగెత్తాల్సిన దారికి గుర్తుగా పెట్టిన ఎర్రజెండాలను ఇలారియో మూడోసారి పీకి పక్కకు పాతాడు.

దర్శకుడు గవాజ్జి పళ్ళు కొరికాడు. సిసిలీ ఇసుక దిబ్బల్ని ఆఫ్రికా ఎడారిగా చూపించే చవక యుద్ధ సినిమా అది. ఉన్నది ఒక చెక్క ట్యాంకు, ముప్పైమంది ఊరి కుర్రాళ్ళు. పొద్దున ఇంగ్లీషు సైనికులు వాళ్ళే, మధ్యాహ్నం టోపీలు మార్చుకుంటే జర్మన్లూ వాళ్ళే. పొద్దు వాలేలోగా వాళ్ళు దిబ్బల మీదుగా పరుగెత్తాలి, చుట్టూ బాంబులు పేలాలి. పేల్చే పని ఇలారియోది.

అతనేమో పొద్దుటి నుంచి ఒక్కచోట నిలవడం లేదు. పాడుబడిన ఉప్పు గిడ్డంగి గోడ నుంచి అడుగులు లెక్కపెడతాడు. ఆగుతాడు. ఇనప చువ్వ ఇసుకలోకి దింపుతాడు. మళ్ళీ గోడ దగ్గరికే వస్తాడు. యూనిట్‌కి వండిపెట్టే నున్జియాటా తెచ్చిన పాస్తా చల్లారిపోయింది.

“ఉత్తుత్తి బాంబులకే ఇంత వణికితే, నిజం యుద్ధంలో ఏం చేసేవాడివయ్యా?” అన్నాడు హీరో. కుర్రాళ్ళు నవ్వారు.

వెలుతురు తగ్గుతోంది. ఇక ఆగేది లేదని గవాజ్జి అందర్నీ వరసలో నిలబెట్టాడు. ఇలారియో వచ్చి అడ్డంగా నిలుచున్నాడు.

“ఇంకో పది నిమిషాలు. కావాలంటే నన్ను పనిలోంచి తీసెయ్. వీళ్ళని మాత్రం పరిగెత్తించకు.”

ఎనిమిదో నిమిషంలో చువ్వకు ఏదో టక్కున తగిలింది. అతను బోర్లా పడుకుని, వేళ్ళతో మెల్లగా ఇసుక తోశాడు. తుప్పు పట్టిన ఇనప డబ్బా. యుద్ధంనాటి మైను, కాలు పడితే పేలే మందుపాతర. అన్నీ ఏరేశామని ఇరవయ్యేళ్ళ క్రితమే చెప్పారు. ఇదొకటి మిగిలిపోయింది.

మర్నాడు సైన్యం వాళ్ళు వచ్చి దాన్ని తీసుకెళ్ళారు. హీరో సిగరెట్ అందించాడు. ఇలారియో తీసుకోలేదు, సామాను సర్దుకుంటున్నాడు.

విధవరాళ్ళు వేసుకునే నల్లబట్టల్లో నున్జియాటా వచ్చింది. నిన్న వరసలో నిలబడ్డవాళ్ళలో ఆమె ఒక్కగానొక్క కొడుకు ఉన్నాడు.

“నలభై ఆరులో మా ఆయన మేకల్ని తోలుకొచ్చి ఇక్కడే ముక్కలైపోయాడు నాయనా. అప్పుడు నీలాంటివాడు ఒక్కడుంటే బతికేవాడు.”

వద్దంటున్నా వినకుండా అతని రెండు చేతులూ పట్టుకుని ముద్దుపెట్టుకుంది.

నలభై మూడు వసంతంలో, ఇటలీ సైన్యంలో ఇరవై రెండేళ్ళ సిపాయిగా, ఆ దిబ్బల నిండా మైన్లు పాతినవి ఆ చేతులే.