ఫీజు లేని క్లాసు

"జయంతీ, ప్రెసిడెంట్ కమ్యూనిటీ కాలేజీలు ఫ్రీ చేస్తాడట! ఇప్పుడైనా ఆ నర్సింగ్ కోర్సు పూర్తి చేస్తావా?" అమెరికాలో తమ ఇంట్లో టీవీ ముందు కూర్చున్న రాధాకృష్ణ భార్యని అడిగాడు.

"నేను ఫీజు కట్టలేక మానేశానా?" బట్టలు మడతపెడుతూ అంది జయంతి.

అతనికి చిర్రెత్తుకొచ్చింది. అడిగినప్పుడల్లా ఫీజు కట్టాడు. ప్రతిసారీ ఆమె మధ్యలోనే మానేసింది.

"మరెందుకు మానేశావు? నీకసలు చదువు మీద ఇంట్రెస్టే లేదు."

"మంగళవారం, గురువారం సాయంత్రాలు క్లాసు. డేకేర్ ఆరింటికి మూసేస్తారు. పాపని ఎవరు తీసుకొస్తారు?"

"నన్ను అడగొచ్చుగా?"

"అడిగాను. ఫస్ట్ వీక్ తెచ్చారు. తర్వాత కుదరదన్నారు."

"నిజమే, ఆ రోజుల్లో నాకు..." అంటూనే రాధాకృష్ణ ఆగిపోయాడు. ఆ సాయంత్రాలు ఆఫీసులో మీటింగులేమీ ఉండవు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే స్నేహితులతో బ్యాడ్మింటన్ ఆడతాడు.

ఫ్రీగా వస్తే చదువుకి విలువుండదని టీవీలో ఎవరో గట్టిగా వాదిస్తున్నారు. అతను టీవీ కట్టేశాడు.

"నువ్వు చేరు. ప్రణవిని నేను తీసుకొస్తాను," అన్నాడు మెల్లగా.

జయంతి బట్టలు ఎత్తుకుని లేచింది.

"ఎన్ని వారాలు?" అని అడిగింది.