కృపావతి వేలిముద్ర

కృపావతక్కను చంపింది మనమే, కమిటీ పెద్దలూ. అందులో నేనూ ఉన్నాను.

అనంతగిరిలో మన కాఫీ సంఘం గోదాం తలుపు వేలిముద్రతో తెరుచుకుంటుంది. మిషన్‌లో గోదాం చూసుకునే ఆమె ముద్ర ఒక్కటే ఎక్కించి, మిగతావాళ్లవి రేపు ఎక్కిద్దామంటూ రెండేళ్లు గడిపేశాం. ఆ వానరాత్రి బయట తడుస్తున్న కాఫీ బస్తాలు లోపల పెట్టాలని ఆమె ఇంటికి జీపు తీసుకెళ్లింది నేనే.

"ఒళ్లు కాలిపోతంది రవిబాబూ, పొద్దున్నే వస్తాను."

"ఒక్క వేలు పెట్టేసి ఎల్లిపోదువుగానక్కా. బేగి రా."

వచ్చి తలుపు తీసింది. మూడో రోజు పోయింది. మర్నాడే అందరి ముద్రలూ ఎక్కించాం. పది నిమిషాల పని. సిగ్గేసి ఆమె పేరు మాత్రం తీయలేదు.

తలుపు ఎవరెవరు తీస్తున్నారో సరిచూడమని మీరే చెప్పారు కదా. నిన్న రాత్రి గోదాంలో ఒక్కడినే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చనిపోయిన నాటి నుంచి రోజూ రాత్రి తొమ్మిదీ నలభైకి కృపావతి పేరే ఉంది. ఆ వానరాత్రి నేను ఆమెను తెచ్చిన వేళ అదే. గడియారం వైపు చూసేలోగా బయట మిషన్ కీచుమంది. తలుపు తెరుచుకుంది. గడపలో ఎవరూ లేరు. దగ్గు వినిపించింది.

"ఇంక ఎల్లిపోనా రవిబాబూ?"

ఆమె పేరు తీసేయబోయి ఆగాను; అది నేనొక్కడినే చెయ్యాల్సిన పని కాదు.

ఈ రాత్రికి మీరంతా రండి. ఆ పేరు తీసేసి, గడపలో నిలబడి, ఆమెను ఇంటికెళ్లమని చెప్పండి.